రంగుల కొట్టు, చుక్కల పుస్తకం

రాజమండ్రి మెయిన్ రోడ్డులో రంగుల కొట్టు నడుపుకునే మనిషికి విమానం నడపాలన్న కోరిక ఎందుకు పుట్టిందని నన్ను అడగనివాళ్ళు లేరు. పక్క కొట్టు స్టీలు సామాన్ల ఆయన మరీనూ. ఆర్నెల్లపాటు రోజూ ఉదయం షట్టరు ఎత్తుతూ ఒకసారి, సాయంత్రం దించుతూ ఒకసారి అడిగాడు.

"నేర్చుకుని ఎక్కడికెళ్తారండి?"

"ఎక్కడికీ వెళ్ళనండి. పైకెళ్ళి, కాసేపు తిరిగి, ఎక్కినచోటే దిగుతాను."

"ఆమాత్రానికి విమానం ఎందుకండి? కొత్తగా కట్టిన ఆ అయిదంతస్తుల బట్టల షాపులో లిఫ్టుంది కదా."

ఆయనకి నిజం చెప్పినా అర్థం కాదని ఊరుకునేవాణ్ణి. నిజం ఏమిటంటే, రెండేళ్ళ కిందట డీలర్ల మీటింగని ఒక పెద్ద ఊరు వెళ్ళాను. మీటింగు ఎగ్గొట్టి అక్కడి ఫ్లయింగ్ క్లబ్బులో డబ్బు కట్టి చిన్న విమానం ఎక్కాను. మొత్తం పన్నెండు నిమిషాలు. అందులో ఒక్క నిమిషం పక్కన కూర్చున్న పైలట్, "పట్టుకోండి, ఏం కాదు" అని విమానం నడిపే కర్ర నా చేతికిచ్చాడు. నేను కొంచెం ఎడమకి వంచాను. అంత విమానమూ ఎడమకి వంగింది. పదిహేనేళ్ళుగా మా పెయింటర్ మేస్త్రీలుగాని, కస్టమర్లుగాని, ఇంట్లో వాళ్ళుగాని నేను వంచిన వైపు వంగిన పాపాన పోలేదు. ఆ నిమిషం నుంచి నేను మామూలు మనిషిని కాను.

సొంత సరదాకి విమానం నడుపుకునే వాళ్ళకి వేరే లైసెన్సు ఉంటుందని, అది రావడానికి పరీక్షలు రాయాలని, గంటలకొద్దీ ఎగరాలని తెలుసుకున్నాను. అన్నిటికీ సిద్ధపడ్డాను. తీరా చూస్తే అన్నిటికంటే ముందు డాక్టరు సర్టిఫికెట్ కావాలట. అది ఏ డాక్టరు పడితే ఆ డాక్టరు ఇచ్చేది కాదు. దానికి ప్రత్యేకంగా ఒప్పుకున్న డాక్టర్ల జాబితా ఉంటుంది. మా ఊళ్ళో ప్రతి సందులోనూ ఆస్పత్రి ఉంది, ఆ జాబితాలోని డాక్టరు మాత్రం ఒక్కరూ లేరు. విశాఖపట్నం వెళ్ళాల్సిందే.

నా భయమంతా షుగరు గురించి. మా ఇంట్లో ఆస్తి అందరికీ సమానంగా రాలేదుగాని షుగరు, బీపీ మాత్రం ఎవరికీ లోటు లేకుండా పంచారు. అందుకని ఆర్నెల్ల ముందు నుంచే తీపి మానేశాను. గోదావరి జిల్లాలో తీపి మానేయడం సన్యాసం పుచ్చుకోవడం కంటే కష్టం. సన్యాసం పుచ్చుకుంటే కనీసం దణ్ణం పెడతారు. నేను ఒక పెళ్ళి భోజనంలో కాజా వద్దన్నాను. మజ్జిగ వడ్డించేలోపు నాకు షుగరు వచ్చిందన్న సంగతి పందిరంతా పాకింది. వారం తిరక్కుండా నలుగురు పలకరించడానికి మా ఇంటికి వచ్చారు. ఒకాయన కాకరకాయలు తెచ్చాడు. "నాకు షుగరు లేదండి, పైలట్‌ని అవుదామని" అంటే జాలిగా చూసి, మా ఆవిడ వైపు తిరిగి, "ఎన్నాళ్ళనుంచమ్మా ఇలా?" అని అడిగాడు.

మా ఆవిడకి మొదట్లో ఈ విమానం గోల నచ్చలేదు. కానీ ఆర్నెల్లలో నేను ఏడు కిలోలు తగ్గేసరికి, "లైసెన్సు రాకపోయినా ఫర్వాలేదండి, పరీక్షకి మాత్రం తయారవుతూ ఉండండి" అనేది.

విశాఖలో ఆ రోజు అన్నీ బ్రహ్మాండంగా జరిగాయి. రక్తం తీశారు. గుండెకి తీగలు పెట్టారు. ఛాతీకి ఎక్స్‌రే తీశారు. గాజు గదిలో కూర్చోబెట్టి చెవుల్లో కూతలు పెట్టి, వినబడితే మీట నొక్కమన్నారు. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమన్నారు. నిలబడ్డాను. పక్కన నిలబడ్డ పాతికేళ్ళ కుర్రాడు తూలాడుగాని నేను తూలలేదు. షుగరు మామూలుగా ఉంది. బీపీ కూడా మర్యాదగా ఉంది. లోపల్లోపల పొంగిపోతున్నాను. గోడ మీద అక్షరాలు చదవమంటే అన్నిటికంటే కింది వరస కూడా గడగడా చదివేశాను.

అప్పుడు డాక్టరుగారు సొరుగులోంచి ఒక చిన్న పుస్తకం తీశారు. ప్రతి పేజీలోనూ ఒక గుండ్రం, గుండ్రం నిండా రకరకాల చుక్కలు. ఆ చుక్కల్లో ఏ నంబరు కనిపిస్తోందో చెప్పమన్నారు. మొదటి పేజీలో పన్నెండు ఉంది, చెప్పాను. రెండో పేజీలో చుక్కలు తప్ప ఇంకేం లేవు.

"ఇందులో నంబరు లేదండి."

మూడో పేజీ తిప్పారు.

"ఇందులోనూ లేదండి."

అయిదో పేజీకి నాకు ఆయన మీద జాలేసింది. ఇంత చదువుకున్న మనిషి ఎలాంటి పుస్తకంతో నెట్టుకొస్తున్నారో అనిపించింది. మన వృత్తి ధర్మం కదా అని చెప్పేశాను.

"డాక్టరుగారూ, మరోలా అనుకోకండి. ఈ పుస్తకం వెలిసిపోయిందండి. ఎండ తగిలితే అచ్చులో ఎరుపు ముందు పోతుంది. మా దగ్గర షేడ్ కార్డులూ ఇంతే, ఎప్పటికప్పుడు మార్చేస్తాం."

"షేడ్ కార్డులా? మీరేం చేస్తూంటారండి?"

"పెయింట్ షాపండి. రాజమండ్రిలో. మా నాన్నగారు పెట్టింది."

డాక్టరుగారు పెన్నుకి మూత పెట్టారు. నర్సమ్మ గబుక్కున కిటికీ వైపు తిరిగి ఏదో సర్దడం మొదలుపెట్టింది. సర్దడానికి అక్కడ ఏమీ లేదు, ఆవిడ భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఆయన మంచివారు. నవ్వకుండా నెమ్మదిగా చెప్పారు. పుస్తకం కొత్తదే. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన ఉంటే నా కళ్ళకి తేడా తెలియదు. పుట్టుకతో వచ్చింది, మందు లేదు, కళ్ళద్దాలతో పోదు. తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుంది. ముప్పైతొమ్మిదేళ్ళు వచ్చాక, వాటిలో పదిహేనేళ్ళు రంగులు అమ్మాక, నాకు ఆ సంగతి తెలిసింది.

"అయితే అయిపోయినట్టేనాండి?"

"ఇంకో అవకాశం ఉందండి. దీపాల పరీక్ష. చీకటి గదిలో రెండేసి చిన్న దీపాలు చూపిస్తారు. ఎరుపో, ఆకుపచ్చో, తెలుపో చెప్పాలి. అవి సరిగ్గా చెబితే చుక్కలు చదవలేకపోయినా సర్టిఫికెట్ ఇస్తారు. వచ్చే నెల రండి."

"ఈ దీపాలెందుకండి అసలు? రేడియోలో మాట్లాడుకుంటారు కదా."

"రేడియో చెడిపోతే టవర్ మీంచి దీపం చూపిస్తారు. ఆకుపచ్చ అయితే దిగొచ్చు. ఎరుపయితే దిగకూడదు, రన్‌వే మీద ఇంకొకడు ఉన్నాడని."

తిరుగు రైల్లో కూర్చున్నాక నాకు బాధ కలగలేదు, భయం వేసింది. విమానం సంగతి తరవాత. ఈ కబురు మెయిన్ రోడ్డుకి చేరితే మా కొట్టు గతేమిటి? స్టీలు సామాన్ల ఆయన ఒక్కడు చాలు, మర్నాటికి ధవళేశ్వరం దాకా చేరవేస్తాడు. పైగా మా కొట్టుకున్న పేరే రంగు తేడా రాదని. ఆ పేరు తెచ్చింది మా నాన్న. ఆయన నాకు మొదటి రోజే నేర్పిన పాఠం ఒకటుంది. కస్టమరు లేత చిగురంటాడు, నెమలికంఠమంటాడు, మా అత్తగారి చీర రంగంటాడు. వాడేమన్నా సరే, మన నోటితో రంగు పేరు చెప్పకూడదు. కార్డు ముందు పెట్టి నంబరు అడగాలి. నంబరే రాయాలి, నంబరే కలపాలి, డబ్బా మీద నంబరే అంటించాలి. ఇప్పుడైతే నంబరు కొడితే మిషనే కలుపుతుంది. మిషన్లు లేని రోజుల్లో మిగతా కొట్లవాళ్ళు కళ్ళతో చూసి అందాజుగా కలుపుతుంటే, మా నాన్న మాత్రం మూతలతో కొలిచి, పుస్తకంలో రాసుకున్న కొలత ప్రకారం కలిపేవాడు. "ఆయనది కొలతండీ, కంటిచూపు కాదు" అని మేస్త్రీలు మెచ్చుకునేవారు. వాళ్ళ మెచ్చుకోలు ఎంత నిజమో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ బెండకాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"నాకు తెలుసండి."

"ఏం తెలుసు?"

"పెళ్ళైన కొత్తలో టమాటాలు తెమ్మంటే రెండు కిలోలూ పచ్చివే తెచ్చారు. మూడుసార్లు తెచ్చారు. ఆ తరవాత మిమ్మల్ని కూరగాయలకి పంపించానా?"

పదమూడేళ్ళుగా అది నా మీద గౌరవం అనుకుంటున్నాను. కొట్టులో అలిసిపోయి వస్తాడని పంపించడం లేదని నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

"మరి చెప్పొచ్చు కదా."

"రంగుల కొట్టాయనకి రంగులు తెలీవని ఎలా చెప్పమంటారండి? ఒట్టి పరధ్యానమేమోనని సరిపెట్టుకున్నాను."

హాల్లో కూర్చున్న మా అమ్మకి కబురు చేరింది. తల్లి వైపు నుంచి వస్తుందన్న ముక్క దగ్గర ఆవిడకి కోపం వచ్చింది.

"మా పుట్టింటివాళ్ళకి కళ్ళు లేవన్నాడా ఆ డాక్టరు? నాది మేనరికంరా. మా నాన్నా, మీ నాన్న వాళ్ళమ్మా తోడబుట్టినవాళ్ళు. ఇందులో ఏ వైపని పట్టుకుంటాడు?"

మా నాన్న ఆ పక్కనే పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఇప్పటికీ రోజూ పొద్దున్న కొట్టుకి వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చుంటాడు. ఇంత గొడవ జరుగుతుంటే పేజీ తిప్పి, "కొట్లో మాత్రం అనకండి" అన్నాడు. 

ఆ నెల రోజులూ నేను చేసిన పని చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంటుంది. విమానాలు నేర్చుకునేవాళ్ళ గ్రూపొకటి నా ఫోన్‌లో ఉంది. అందులో ఒక మహానుభావుడు నాకు విడిగా ఒక చీటీ పంపాడు. ఆ దీపాల పెట్టెలో ఉండేవి తొమ్మిది జంటలేనట, ఎప్పుడూ ఒకే వరసలో తిరుగుతాయట. మొదలు ఎక్కడైనా పెట్టొచ్చుగాని వరస మారదు. మీద ఎరుపు కింద తెలుపు, మీద ఆకుపచ్చ కింద ఎరుపు, అలా తొమ్మిదీ రాసి పంపితే కాగితం మీదికి ఎత్తుకున్నాను. రెండు దీపాలూ ఒకేలా ఉండే జంటలు మూడున్నాయి. వాటిలో ఒకటి పట్టుకుంటే వరసలో ఎక్కడున్నామో తెలిసిపోతుంది, ఇక చూడక్కర్లేదు, అప్పజెప్పడమే.

అప్పజెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య. వేల షేడ్ నంబర్లు నోటికొచ్చినవాడికి తొమ్మిది జంటలు ఎంత. రెండ్రోజుల్లో ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి వచ్చేశాయి. అయినా చీకట్లో కంగారు పడకుండా అలవాటు చేసుకోవాలని, మధ్యాహ్నం బేరాలు లేని వేళ కొట్టు వెనక గోడౌన్‌లో తలుపులు మూసుకుని సాధన మొదలుపెట్టాం. మా ఆవిడ రెండు టార్చిలైట్లకి బహుమతుల మీద చుట్టే పల్చటి రంగు కాగితాలు చుట్టి, పుట్టీ బస్తాల వెనక నిలబడి చూపించేది. నేను ప్రైమరు డబ్బా మీద కూర్చుని చెప్పేవాణ్ణి.

ఒకరోజు అలాగే కూర్చున్నాం. ఆవిడ ఒక దీపం చూపించింది.

"తెలుపు" అన్నాను.

"తెలుపు" అని నా వెనక నుంచి ఇంకో గొంతు పలికింది.

తిరిగి చూస్తే నాన్న. ఎప్పుడు వచ్చాడో, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అది ఆకుపచ్చ, మావయ్యగారూ" అంది మా ఆవిడ భయంభయంగా.

నాన్న లోపలికి వచ్చి తలుపు మూశాడు. ఇంకో ప్రైమరు డబ్బా లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "ఇంకోటి చూపించమ్మా" అన్నాడు. ఆవిడ చూపించింది. ఇద్దరం ఒకేసారి చెప్పాం, ఇద్దరం తప్పే. ఇంకోటి. అదీ అంతే. తండ్రీకొడుకులు ఒక విషయంలో ఇంత ఏకాభిప్రాయంతో ఉండటం ఆ కొట్టు చరిత్రలో లేదు. ఆరోసారికి మా ఆవిడ నవ్వాపుకోలేక పుట్టీ బస్తా మీద కూలబడింది. నేనూ నవ్వాను. నాన్న మాత్రం నవ్వలేదు.

"నీకు ముందే తెలుసా నాన్నా?"

"నంబర్లు ఎందుకు నేర్పాననుకున్నావు?"

ఆ తరవాత ఆయన చెయ్యి చాచి నా ఒళ్ళో ఉన్న చీటీ తీసుకున్నాడు. వెలుతురు దగ్గరికి వెళ్ళి మొత్తం చదివాడు. చదివి మడిచి నాకే ఇచ్చేశాడు.

"పరీక్ష ఎప్పుడు?"

"గురువారం."

"నేనూ వస్తాను. అమ్మా, ఈ సంగతి మీ అత్తగారికి చెప్పకు."

నాకు చిరాకేసింది. ముప్పైతొమ్మిదేళ్ళవాణ్ణి, పరీక్షకి తండ్రి వెంట వస్తాడంటే ఎవరికి మాత్రం బాగుంటుంది? వద్దన్నాను. ఎండన్నాను, మెట్లన్నాను, రైల్లో సీటు దొరకదన్నాను. గురువారం పొద్దున్న నేను లేచేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గొడుగు పట్టుకుని, వీధి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

సామర్లకోటలో ఇడ్లీ తిన్నాడు, కాఫీ తాగాడు, గ్లాసు బాగోలేదన్నాడు. తుని దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరో అడిగినట్టు అందుకున్నాడు.

"పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవై తొమ్మిది, యాభై ఏడు, అయిదు, మూడు, పదిహేను, డెబ్భై నాలుగు."

ఏదో షేడ్ నంబరు గుర్తు తెచ్చుకుంటున్నాడనుకున్నాను. కానీ మా కార్డులో అలాంటి నంబర్లు లేవు. మొదట పన్నెండు అన్నది మాత్రం నేను ఎక్కడో చూశాను. ఎక్కడో కాదు, డాక్టరుగారి పుస్తకంలో, నాకు కనబడిన ఒకే ఒక్క పేజీలో.

"నీకెలా తెలుసు?"

అప్పుడు చెప్పాడు. ఇరవై రెండేళ్ళప్పుడు ఆయనకి రైలింజను మీద ఉద్యోగం చెయ్యాలని ఉండేదట. ఇంజన్లో బొగ్గు వేస్తూ, కొన్నేళ్ళకి డ్రైవరు కావచ్చు. గోదావరి బ్రిడ్జి మీద బండి నడపాలన్నదే ఆయన కోరిక. మెడికల్ పరీక్షలో చుక్కల పుస్తకం పెట్టారు. ఆయన వంతు చివర్లో వచ్చింది. ముందు వెళ్ళొచ్చినవాళ్ళు బయట చెట్టు కింద కూర్చుని ఏ పేజీలో ఏ నంబరు వచ్చిందో చెప్పుకుంటుంటే ఈయన వింటూ కూర్చున్నాడు. విన్నది విన్నట్టు నోటికొచ్చేసింది. లోపలికి వెళ్ళి పన్నెండు తప్ప ఒక్క నంబరూ కనబడకుండానే అన్ని పేజీలూ చదివేశాడు. ఉద్యోగం వచ్చింది.

"రైల్వే ఉద్యోగం వచ్చిందని మాకెప్పుడూ చెప్పలేదే."

"వచ్చింది. నాలుగు నెలలు చేశాను. పగలు ఇబ్బంది లేదు. సిగ్నలు స్తంభానికుండే రేకు చెయ్యి పైకుందా, వాలిందా అని చూసి చెప్పేవాణ్ణి. సందె పడ్డాక చెయ్యి కనబడదు, దీపమొక్కటే. ఒకరోజు డ్రైవరు అడిగాడు, సిగ్నలెలా ఉందని. పచ్చే అన్నాను."

"ఎరుపా?"

"ఎరుపే. ఆయనకెందుకో అనుమానం వచ్చి తల బయట పెట్టి చూశాడు. బండి ఆగింది. ఎదర లూప్ లైన్లోంచి పాసింజరు బండి మా పట్టాల మీదికి వస్తోంది. కిటికీల్లో జనం కనబడ్డారు నాకు. ఒకావిడ పిల్లాడికి అన్నం పెడుతోంది."

అక్కడితో ఆగాడు. అనకాపల్లి దాటాక మిగతాది చెప్పాడు.

"డ్రైవరు ఎవరికీ చెప్పలేదు. పొగ అడ్డొచ్చిందనుకున్నాడు పాపం. నేనే మర్నాడు పెట్టె సర్దుకుని వచ్చేశాను. ఈ మాయదారి రంగుల పని ఊళ్ళోనే పడతానని కొట్టు పెట్టాను. కొట్లో తప్పు చెబితే గోడకి మళ్ళీ రంగేస్తారు, అంతేగా."

 నాకు కోపం వచ్చింది. ఈ మాట నెల రోజుల కింద చెప్పొచ్చు, ఏడాది కింద చెప్పొచ్చు. సరిగ్గా పరీక్ష రోజు, ఇంకో గంటలో దిగుతామనగా చెబుతాడా? అంత కోపంలోనూ ఆ కిటికీలో అన్నం తింటున్న పిల్లాడు నా కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

చీటీ చింపెయ్యమని నాన్న అనలేదు. వాడొద్దని కూడా అనలేదు. ఆస్పత్రి దగ్గర బల్ల మీద కూర్చుని గొడుగు ఒళ్ళో పెట్టుకుని, "వెళ్ళిరా" అన్నాడు.

చీకటి గదిలో ఒక కుర్చీ, దూరంగా బల్ల మీద నల్ల పెట్టె. ఈసారి వేరే డాక్టరు, ఆవిడ. కుర్చీలో కూర్చున్నాక మొదటి జంట వెలిగింది. నాకు తోచింది చెప్పాను. రెండోది కూడా తోచిందే చెప్పాను. మూడో జంట వెలిగేసరికి రెండూ ఒకేలా, మసకమసగ్గా ఉన్నాయి. గోడౌన్‌లో ఎన్నోసార్లు చూసిన జంట అది. అంత మసగ్గా ఉంటే రెండూ ఎరుపే. చీటీలో అయిదోది. ఇక మిగిలినవన్నీ నా నాలిక చివర ఉన్నాయి. ఆరు మాటలు పలికితే సర్టిఫికెట్ నాది. ఆ విమానం నాది. నేను వంచిన వైపు అది వంగుతుంది.

నాలుగో జంట వెలిగింది. నాకు కనబడింది రెండు పాలిపోయిన చుక్కలు. చీటీ ప్రకారం మీద ఆకుపచ్చ, కింద తెలుపు.

"చెప్పండి" అన్నారావిడ.



"మేడమ్, నాకు తెలిసింది చెప్పమంటారా, కనబడింది చెప్పమంటారా?"

 ఇలాంటి ప్రశ్న ఆవిణ్ణి ఇంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

"కనబడిందే చెప్పండి."

"అయితే నాకు తెలియదండి."

తరవాతి జంటల్లో రెండిటికి కూడా అదే మాట చెప్పాను. గదిలో లైట్లు వేశాక ఆవిడ నన్నొకసారి తేరిపార చూసి, కాగితం మీద రాసి, సంతకం పెట్టి చేతికిచ్చారు. అన్‌ఫిట్ అని ఇంగ్లీషులో, చక్కటి దస్తూరితో ఉంది. పరీక్షలన్నీ పాసైన గుండె, షుగరు లేని రక్తం, ఏడు కిలోలు తగ్గిన ఒళ్ళు, అన్నీ ఆ ఒక్క మాట కింద పడి ఉన్నాయి.

బయటికి వచ్చేసరికి నాన్న లేచి నిలబడ్డాడు.

"చీటీ అప్పజెప్పావా?"

"లేదు."

ఆయన తలాడించాడు. ఆ తలాడించడం చూసి నాకు ఒళ్ళు మండింది.

"ఇప్పుడు తృప్తిగా ఉందా నీకు? మొత్తం వచ్చు నాకు. ఇప్పుడు కూడా చెప్పగలను తొమ్మిదీ" అని గబగబా మెట్లు దిగాను. సగం దిగాక అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఊరికే కళ్ళు తుడుచుకోవడం కాదు, చిన్నప్పుడు గాలిపటం తెగిపోతే ఏడ్చినట్టు, గట్టిగా ఏడ్చాను. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారని తెలుసు, అయినా ఆగలేదు.

నాన్న ఒక్కో మెట్టే దిగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి నా పక్కన కూర్చున్నాడు. ఊరుకోమంటాడనుకున్నాను.

"నేనప్పుడు ఏడవలేదురా. ఏడిస్తే ఎందుకని అడుగుతారని భయం. అడిగితే చెప్పాలి కదా. నీకా బాధ లేదు. కానీ, ఏడువు" అని జేబురుమాలు నా చేతిలో పెట్టాడు.

మందుల సంచీ పట్టుకుని మెట్లెక్కుతున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి ఆగింది. పాపం, లోపల ఎవరో మంచం మీదున్నారనుకుంది.

"ఎవరికి బాలేదు బాబూ?"

నేను తల దించుకున్నాను. నాన్నే జవాబు చెప్పాడు.

"మా ఇద్దరికీనమ్మా. ఎరుపూ, పచ్చా తేడా తెలీదు. పుట్టినప్పటినుంచీ."

"ఆపరేషను చేయించుకోండి. మా ఆయనకి చేశారు, శుభ్రంగా కనబడుతోంది" అని ఆవిడ ధైర్యం చెప్పింది.

"అలాగేనమ్మా" అన్నాడు నాన్న ఎంతో మర్యాదగా. ఆవిడ లోపలికి వెళ్ళేదాకా చూసి, నా వైపు తిరిగాడు. మా అమ్మకి కూడా చెప్పకుండా యాభై ఏళ్ళు దాచిన మాట అది. దారినపోయే మనిషికి చెప్పేశాక ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి. మరికాసేపు మేమిద్దరం ఆ మెట్ల మీదే కూర్చున్నాం.